బొంబాయి నుంచి గద్వాలకు ఎంతసేపు

ఆషాఢం, మంగళవారం. గద్వాల. ఉన్నవారు: నేను, నా భార్య, మేనమామ, ఇద్దరు చెల్లెళ్లు, వాడకట్టు వాళ్లు. రానివాడు: తమ్ముడు.

అమ్మ పోయిన రోజు డైరీలో ఇంతే ఉంది. తమ్ముడు ఎందుకు రాలేదో అందులో రాయలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. పదేళ్లు దాటింది. బరువు అంటారు గానీ, నాకది తిమ్మిరెక్కిన చెయ్యిలా ఉంటుంది. నాదే, అయినా నాది కానట్టు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ ఊరు ఎంత దూరం, ఏ బండి ఎప్పుడు చేరుతుంది అని మా వాడలో నన్నే అడిగేవారు. తమ్ముడు బొంబాయి పక్కన భీవండికి మరమగ్గాల పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. మాలో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కొరివి పెట్టాలి. అమ్మ మంచాన పడ్డ అన్నేళ్లూ ఎత్తి కూర్చోబెట్టింది, కడిగింది, తినిపించింది నేనూ నా భార్యా. చివరికి ముందు నడిచేది వాడా? ఆ ప్రశ్న ఆ రోజే పుట్టిందా, అంతకుముందు నుంచే నాలో కూర్చుని ఉందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తెల్లవారుజామున అమ్మ పోయింది. తమ్ముడికి ఫోన్ చేశాను.

"అన్నా, బొంబాయికెల్లి విమానంల వస్త. హైదరాబాద్ దాంక గంటన్నర. ఆడ కారు మాట్లాడుకుంట. నాలుగు గొట్టేసరికి ఇంట్ల ఉంట. అమ్మను ఆపుండ్రి," అన్నాడు.

లెక్క సరిగ్గానే ఉంది. పొద్దు గుంకకముందే చేరతాడు. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

వాకిట్లోకి వచ్చాను. మామ బీడీ ఆర్పి అడిగాడు.

"చిన్నోడు ఎప్పటికొస్తడు అల్లుడా?"

"రేపు పొద్దుగాల, మామా."

"గాలిమోటర్ల వస్తే?"

"గాలిమోటరైనా గంతే. టికెట్ దొరకాలె, ఎక్కాలె, దిగాలె."

"గదేం గాలిమోటర్‌రా, మన అయిజ బస్సు నయం," అన్నాడు మామ. ఎవరో నవ్వి ఆపుకున్నారు. "అప్పటిదాంక ఆగలేం. నువ్వే కానియ్యి."

నా మాటను ఎవరూ అనుమానించలేదు. పెరట్లోకి పోయి మళ్లీ ఫోన్ చేశాను. "పెద్దమనుషులు మధ్యాహ్నానికే తీద్దామంటున్నరు. నా మాట వింటలేరు. ఉరికొచ్చి ఏం ఫాయిదా, నిమ్మళంగ బస్సుకే రా," అన్నాను.

వాడు సరేనన్నాడు. తర్వాత, "దింపుడుకల్లం కాడ అమ్మ చెవుల నా పేరు గూడ చెప్పన్నా," అన్నాడు.

దారిలో పాడె దింపినప్పుడు అమ్మ చెవిలో మూడుసార్లు పిలిచాను. వాడి పేరు చెప్పలేదు. చెబితే అమ్మ లేచి అడుగుతుందని భయపడ్డానా? లేదు. భయం కూడా లేదు. చెప్పలేదు, అంతే. కొరివి పెట్టాను. ఏమీ అనిపించలేదు.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాయగలిగాను. ఆ మేరకు ఊపిరి ఆడుతోంది.

మర్నాడు పొద్దున తమ్ముడు బస్సు దిగి వచ్చాడు. మామ వాణ్ణి పట్టుకుని ఏడ్చాడు. "ఎగిరొచ్చినా అందకపోతువంట గదరా. మీ అన్న చెప్పిండు."

తమ్ముడు నా వైపు చూశాడు. సంచి అరుగు మీద పెట్టాడు.

"అవు మామా," అన్నాడు. "శానా దూరం గద."