వాగు గట్టు మీద నా పొయ్యి

కువైట్‌లో ఎడారి క్యాంపు చలికాలపు ముచ్చట. నవంబరులో గాలి చల్లబడగానే జనం డేరాలూ కారవాన్లూ వేసుకుని ఇసుకలోకి పోతారు. ఎండ ముదిరేదాకా తిరిగి రారు. ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఏడాది మాత్రం మా సీజన్ ఆగస్టులోనే మొదలైంది. రొట్టె పెడితే ఇసుక మీదే కాలేటంత ఎండలో క్యాంపు బండి ఎక్కిన పిచ్చివాళ్లం బహుశా మేం ముగ్గురమే. నేను, డ్రైవరు, మా మామా.

మామా అంటే మా యజమానురాలు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లం అందరం అలాగే పిలుస్తాం. అహ్మది దగ్గర ఇల్లు. ముసలావిడ, చేతికర్ర లేనిదే నడవలేదు కానీ నోటికి ఏ కర్రా అక్కర్లేదు. పైగా శుభ్రం పిచ్చి. చెంచా మీద మరక కనిపిస్తే నా వంశం మొత్తాన్ని అరబ్బీలో తలుచుకునేది. నేను రాయచోటి పక్క పల్లెదాన్ని, వంట నా పని. డ్రైవరుది కడప, నాకంటే చిన్నవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను అబ్బీ అనేదాన్ని. రోజుకొకసారైనా పోట్లాడుకోకపోతే మా ఇద్దరికీ అన్నం అరిగేది కాదు.

మామా కొడుకు పోలీసు ఉద్యోగి. సైనికులు అలాంటివాళ్లను వెతుకుతున్నారని పెళ్లాం పిల్లలతో ఎడారి మధ్య కబ్ద్‌లో ఉన్న వాళ్ల తోటకు వెళ్లి దాక్కున్నాడు. అక్కడికి ఫోను లేదు. ఒకరోజు పొద్దున్నే ఎవరి చేతో కబురు పంపాడు. సాయంత్రం నమాజు కాగానే నాలుగు కుటుంబాలు కలిసి ఎడారి దారిన సౌదీకి పోతున్నాయి, అమ్మను ఆలోగా చేర్చండి, చీకటి పడితే ఆగడం కుదరదు అని. తాను ఊళ్లోకి రాలేడు. మేం చేర్చకపోతే తల్లి ఇక్కడ, పిల్లలు అక్కడ అయిపోతారు.

ఇంట్లో కార్లు రెండూ సైనికులు పట్టుకుపోయారు. బ్యాటరీ చచ్చిపోయిన క్యాంపు బండిని మాత్రం చూసి ఉమ్మేసి వదిలేశారు. లోపలే మంచం, నీళ్ల ట్యాంకు, చిన్న వంటగది ఉన్న పాత పెద్ద వ్యాను అది. పక్కింటివాళ్ల బ్యాటరీ అడిగి తెచ్చి బండిని లేపాం. రోడ్డు మీద పోతే ఈ బండీ లాక్కుంటారు కాబట్టి ఇసుక దారే గతి. ఏటా మేం క్యాంపు వేసేది ఆ తోటకు దగ్గర్లోనే, ముందు అక్కడికి చేరితే చాలు.

"దోవ నాకు కండ్లు మూసుకున్నా తెలుసక్కా" అన్నాడు మావాడు.

తెలుసు, నిజమే. చలికాలంలో. పచ్చ లైట్ల డేరా దగ్గర ఎడమకు, చాయ్ అమ్మే బండి దగ్గర కుడికి, పిల్లల ఊయలలున్న క్యాంపు దాటితే వాగు. వాడి బుర్రలో ఉన్న దారంతా డేరాలే. ఆగస్టులో ఎడారిలో డేరా ఎవరు వేస్తారు? కొంత దూరం పోయాక బండి ఆపి నోరు వెళ్లబెట్టాడు. ఎటు చూసినా ఇసుక, పైన దుమ్ము పట్టిన తెల్లటి ఎండ.

"డేరాలు యాడికి పాయనో అక్కా?"

"నిన్ను సూసి బెదురుకోని పాయ. యండాకాలం డేరాలు యాడుంటాయబ్బీ? నీకు లైసెన్సు ఇచ్చినోడు యాడుండాడో సెప్పు, ముందు వాన్ని తంతా."

"నువ్వూ ఉంటివి గదక్కా ప్రతేడూ, నీకూ గుర్తుల్యా?"

వెనక మంచం మీంచి మామా కర్రతో రేకు గోడను కొట్టింది. "క్యాంపు వచ్చిందా?"

"వచ్చేస్తోంది మామా" అన్నాం ఇద్దరం ఒక్కసారే. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

తిరగ్గా తిరగ్గా ఒక ఎండిన వాగు దొరికింది. వాన పడితే రెండు రోజులు పారి, ఆపై ఏడాదంతా గుల్ల ఇసుకగా పడి ఉండే వాగు. రెండు పక్కలా మట్టి గోడల్లాంటి గట్లు. దిగీ దిగగానే చక్రాలు కూరుకుపోయాయి. టైర్లలో సగం గాలి తీసేసి, బండిలోని తివాచీ చక్రాల కింద వేసి లాగాం. ఆ తివాచీ మామాకు ప్రాణం. ఆమె కిటికీలోంచి చూసి కళ్లు మూసుకుంది.

మేం ఏటా డేరా వేసేది ఇలాంటి వాగు గట్టునే. కానీ అన్ని గట్లూ ఒకేలా ఉన్నాయి. నేను ఒక్కో గట్టూ ఎక్కి చూడసాగాను. చెప్పుల్లోంచి కూడా కాళ్లు బొబ్బలెక్కాయి. నాలుగోదో అయిదోదో ఎక్కితే నల్లగా ఏదో కనిపించింది. మూడు సిమెంటు ఇటుకలు, మసి.

నా పొయ్యి!

గ్యాసు మీద వండిన కూర నాకు సయించదు. క్యాంపుకు పోయిన ప్రతిసారీ మూడు ఇటుకలు పెట్టి కట్టెల పొయ్యి వేసేదాన్ని. కిందటిసారి సీజన్ అయిపోయి సర్దుకునేటప్పుడు మామా ఎడారి మీద మసి మరక కూడా మిగలనివ్వదు, పొయ్యిని కాలితో తన్ని చెదరగొట్టమంది. వండిన పొయ్యిని కాలితో తన్నడం మా ఇంట్లో ఎరగం. చచ్చినా తన్నను అన్నాను. పెద్ద రభసే అయింది. చివరికి ఆమె, "ఖలాస్, ఉండనీ. వచ్చే ఏడు నేనే నా చేత్తో పీకేస్తా" అని బండెక్కింది.

"అక్కా, మన క్యాంపే! కానీ తోట ఎటుండాది ఈడనుంచి?" డ్రైవరు నాలుగు దిక్కులూ తిరిగాడు.

నేను పొయ్యి ముందు ఎప్పటిలాగే గొంతుక్కూర్చున్నాను. తోట నుంచి రోజూ నీళ్లు తెచ్చేది వాడే. వాడు ఆలస్యం చేస్తే తిట్టడానికి వీలుగా, వండుతూ తలెత్తితే వాడి బండి దుమ్ము కనపడేలా పొయ్యి పెట్టుకునేదాన్ని. తలెత్తి ఎదురుగా చెయ్యి చూపించాను.

"నేరుగా పో. యాడా తిప్పాకు."

తోట చేరేసరికి బండ్లన్నీ స్టార్టు చేసి ఉన్నాయి. మనవరాళ్లు పరుగెత్తుకొచ్చి మామాను చుట్టేసుకున్నారు. కొడుకు ఆ వయసులో తల్లి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మామా మాత్రం ఏడవలేదు. పనిలో చేరిననాడు తీసుకుని దాచిన మా పాస్‌పోర్టులు సంచిలోంచి తీసి మా చేతుల్లో పెట్టింది.

"నేను తిరిగొచ్చాక నీ పొయ్యి పీకేస్తా. అప్పటిదాకా ఇంకెవరింట్లోనూ పనికి కుదరకు. విన్నావా?"

అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. ఆమెను అంతగా ప్రేమిస్తున్నానని నాకే తెలియదు.

సౌదీకి పోయే కాగితాలు లేని మేమిద్దరం తర్వాత బాగ్దాద్, అమ్మాన్ మీదుగా మిగతా ఇండియావాళ్లందరిలాగే ఇల్లు చేరాం. యుద్ధం ముగిశాక మామా వీసాలు పంపింది. ఎడారిలో పాతిన మందుపాతరలు ఏరి, మళ్లీ క్యాంపులకు పొమ్మనేసరికి ఏళ్లు పట్టింది. ఆ నవంబరులో, ఇంకా ఎవరూ డేరా వేయకముందే, మామా మమ్మల్ని బయల్దేరదీసింది. కొత్త బండి, అదే డ్రైవరు. ఈసారి దారి తప్పలేదు.

గట్టు మీద సైనికులు తవ్విన గోతులు పూడ్చిన గుర్తులున్నాయి. నా ఇటుకలు లేవు. మామా నా భుజం పట్టుకుని, కర్రతో ఇసుకను చాలాసేపు కెలికింది. ఒకచోట బొగ్గు తగిలింది.

"పీకాల్సింది నేను కదా. వీళ్లెవరు పీకడానికి?" అంది కోపంగా.

డ్రైవరును ఇటుకలు తెమ్మంది. ఇసుకలో చతికిలబడి, వద్దంటున్నా వినకుండా తనే మూడూ పేర్చింది. వంకరగా పేర్చింది. ఇలా కాదు మామా అని నేను ఒక ఇటుకను తోట వైపుకు సర్దాను. ఆ బొగ్గు మసి ఆమె వేళ్లకు అంటింది. కడుక్కోమని నీళ్ల చెంబు అందించాను, తీసుకోలేదు.

"యల్లా, కానీ, చాయ్ పెట్టు" అంది.

ఆ మసి చేతులతోనే చాయ్ తాగింది.