వీరభద్రంగారి వేట ఫ్లాస్కులు

సెప్టెంబరు చివరి ఆదివారం ఉదయం ఆరూ పదికి నేను డికాక్షన్‌లో పాలు కలుపుకుంటున్నాను. ఫోన్ మోగింది. వీరభద్రంగారి భార్య సుభద్రగారు. "అన్నయ్యగారూ, ఆయన లేవడం లేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. మీరొకసారి రండి" అన్నారు. ఆ గొంతులో తొందర లేదు. అందుకే నాకు భయమేసింది. నేను వెళ్ళేసరికి అంబులెన్స్ లైట్లు ఆర్పి వాకిట్లో ఆగి ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో ఆయన నాతో కొత్త గ్లౌజుల గురించి మాట్లాడారు.

ఆయన కార్ల కంపెనీలో రేడియేటర్లు పరీక్షించే ఇంజనీరు. నేను ఆయన కింద పనిచేశాను. మేముండే ట్రాయ్ ఊళ్ళోని మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆయన ఉగాది భోజనాల దగ్గర వడ్డించే మనిషిగా తెలుసు. ఏటా చలి మొదలవగానే బాతుల వేటకు వెళతారని తెలిసినవాళ్ళు కొద్దిమందే. ఆయన, ఆయన చిన్ననాటి స్నేహితుడు డాక్టర్ సత్యంగారు, నేను. ముగ్గురమే వెళ్ళేవాళ్ళం. గురిలో ఆయన గొప్పవారేమీ కారు. చాలాసార్లు వట్టి చేతులతోనే తిరిగొచ్చాం. ఆయన శ్రద్ధంతా తాగడానికి ఏం తీసుకెళ్ళాలి, దేంట్లో తీసుకెళ్ళాలి అన్నదాని మీదే.

ఒకసారి ఎండాకాలంలో ఫ్లాస్కు కొనడానికి నన్ను వెంట తీసుకెళ్ళారు. దుకాణంలో జేబులోంచి మందపాటి ఉన్ని గ్లౌజులు తీసి తొడుక్కుని, అరలో ఉన్న ఫ్లాస్కులన్నిటి మూతలూ వరసగా తిప్పడం మొదలుపెట్టారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి కాసేపు చూసి, "సార్, ఇది జూలై" అంది. "నేను కొనేది నవంబరుకమ్మా" అన్నారాయన. గ్లౌజు తీయకుండా రాని మూతను ఆయన మూతగా లెక్కలోకి తీసుకోలేదు. ఆ రోజు ఏదీ నచ్చక ఊరికే వచ్చేశాం.

కొన్నదాన్ని కూడా వెంటనే నమ్మేవారు కారు. మరిగిన నీళ్ళు పోసి, రాత్రంతా పెరట్లో చెక్క డెక్ మీద మంచులో ఉంచి, పొద్దున్నే మూత తీసి థర్మామీటర్ పెట్టేవారు. "కట్టుకున్నదానికి జ్వరమొస్తే చెయ్యి పెట్టి చూడరు. ఫ్లాస్కులకి మాత్రం టెంపరేచర్ చూస్తారు" అనేవారు సుభద్రగారు. "నువ్వు చెప్పగలవు. అది చెప్పలేదు కదా" అనేవారాయన.

డికాక్షన్ ఒక ఫ్లాస్కులో, చక్కెర వేసిన వేడి పాలు ఇంకొక దాంట్లో. కలిపి పోస్తే పొద్దెక్కేసరికి కాఫీ రుచి చెడిపోతుందని ఆయన వాదన. చారుకు విడిగా మరొకటి. "ఒకసారి చారు పోశాక అది జన్మంతా చారు ఫ్లాస్కే" అనేవారు. మంచినీళ్ళకు ప్లాస్టిక్ సీసా, దానికి పాత ఉన్ని మేజోడు తొడుగు. రేకు సీసా తుపాకీకి తగిలి చప్పుడు చేస్తుంది, ఎండకు మెరుస్తుంది, బాతులు లేచిపోతాయి. ఇక మందు విషయంలో ఒకటే మాట: తుపాకీ పెట్టెలోకి వెళ్ళాకే సీసా బయటికి రావాలి.

సత్యంగారికి ఇవన్నీ నవ్వులాట. ఆయన ఫ్లాస్కు లోపల గాజు ఉండే రకం, బయట నీలం రంగు, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. "అద్దం షోకేసులో పెట్టుకోరా" అనేవారు వీరభద్రంగారు.

నాలుగేళ్ళ కిందట నవంబరులో, కారుకు అరగంట నడక దూరంలో, సత్యంగారు గట్టు జారి చిత్తడిలో పడ్డారు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు బూట్లలోకి నీళ్ళు నిండాయి. ఇద్దరం పట్టి పైకి లాగాం. గాలి కోతగా వీస్తోంది. పళ్ళు టకటకలాడుతుంటే ఆయన తన ఫ్లాస్కు అందుకున్నారు. లోపల గాజు పెంకులు గలగలమన్నాయి. దాన్ని వదిలేసి కోటు లోపల్నించి బ్రాందీ సీసా తీశారు. వీరభద్రంగారు దాన్ని లాక్కుని నీళ్ళలో ఒంపేశారు.

"ఒరేయ్ భద్రం, డాక్టర్‌ని నేనా, నువ్వా?"

"ఇప్పుడు నువ్వు పేషెంట్‌వి. ఇది తాగితే వెచ్చగా ఉన్నట్టే ఉంటుంది, ఒంట్లో వేడి మాత్రం పోతుంది. నువ్వే చెప్పావు నాకు."

"ఇరవై ఏళ్ళ సరుకురా అది!"

"నువ్వు యాభై ఏళ్ళ సరుకువి. చొక్కా విప్పు."

తన స్వెటరు తీసి తొడిగారు. గ్లౌజులతోనే పాల ఫ్లాస్కు మూత తిప్పారు. గుక్క గుక్కగా తాగించారు. పాలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. అప్పటికి సత్యంగారి మాట ముద్దగా వస్తోంది. నాకు ఆశ లేదు. కాస్త తేరుకున్నాక చెరో పక్కా పట్టుకుని కారు దాకా నడిపించాం. దారి పొడుగునా వీరభద్రంగారు ఆయన్ని తిడుతూనే ఉన్నారు. సత్యంగారు నిద్రలోకి జారిపోకుండా ఉండడానికని తర్వాత నాకు చెప్పారు. మరుసటి వారం సత్యంగారు కొత్త స్టీలు ఫ్లాస్కు కొనుక్కున్నారు. గ్లౌజులు వేసుకునే కొన్నారట.

దహనం రోజున సత్యంగారు నా పక్కన కూర్చున్నారు. "గుండెకి ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకోమని రెండేళ్ళు వెంటపడ్డానయ్యా. వేట సీజన్ అయిపోనీ అన్నాడు. రెండుసార్లూ అదే మాట" అన్నారు.

వేటకు మూడో మనిషి కావాలంటే దొరుకుతాడు. మాకంటే బాగా గురిపెట్టేవాడే దొరుకుతాడు. పక్కవాడు నీళ్ళలో పడితే ఏం కావాలో ముందే ఆలోచించి పెట్టుకునే మనిషి మాకు ఒక్కరే ఉండేవారు. ఆయనకు నమస్కారం.

సీజన్ మొదలై మూడు వారాలైంది. సత్యంగారూ నేనూ ఈసారి లైసెన్సులు తీసుకోలేదు. మేమిప్పుడు వేటకు వెళ్ళడం లేదు.