బాబినక్క బ్యాకప్

ఆవిడ అసలు పేరు ఇంటిపన్ను రసీదు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. వీధికీ, ఇంటికీ, చివరికి కట్టుకున్నవాడికి కూడా ఆవిడ బాబినక్కే. "పెళ్ళాన్ని అక్కా అంటావేంట్రా" అని స్నేహితులు ఆటపట్టిస్తే, బస్సు కండక్టరుగా రిటైరైన ఆ మొగుడు, "ఊరంతా ఎక్కే బస్సుకి నేనొక్కడినే వేరే పేరు పెట్టనా?" అనేవాడు.

పెళ్ళై వచ్చేనాటికి అత్తగారికి ఒక తొక్కుడు కుట్టుమిషనుండేది. అది మొరాయించినప్పుడల్లా మెకానిక్కుకి కబురంపడం, అతగాడు రేపూ మాపూ అని తిప్పించడం. ఒకరోజు కోడలు విసుగెత్తి స్క్రూడ్రైవర్ అందుకుంది. "నిన్నగాక మొన్న వచ్చావు, అప్పుడే నా మిషన్ పొట్ట కోస్తావా!" అని అత్తగారు లబోదిబోమంటుండగానే షటిల్ కింద ఇరుక్కున్న దారపు ఉండ బయటికొచ్చింది. ఆ తర్వాత ముందుగది మిషన్లు బాగుచేసే దుకాణమైపోయింది. గోడవారగా మిషన్లు, గాజుసీసాల్లో మరలు, నేల మీద నూనె మరకలు. వచ్చిన చుట్టాలు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే మాట్లాడి వెళ్ళేవాళ్ళు. దానివల్ల చుట్టాల తాకిడి తగ్గిందని కండక్టరుగారు లోలోపల సంతోషించేవాడు.

కంప్యూటర్ల పనిచేసే తమ్ముడు ఒకసారి వచ్చి, "అందరికీ అదే మాట ఫోన్లో చెప్పి గొంతెందుకు పోగొట్టుకుంటావక్కా" అని, ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టించాడు. ఎక్కడెక్కడి దర్జీలూ, టైలరమ్మలూ, మెకానిక్కులూ వచ్చి చేరారు. విరిగిన మరల ఫోటోలు పెట్టడం, అడగడం, తగువులాడుకోవడం. అదొక సంత.

ఆ సంతలో బాబినక్క చట్టం ఒక్కటే. మిషన్‌కి జబ్బు చేసినవాళ్ళు కొత్త చర్చ మొదలుపెట్టాలి. కింద తలా ఒక ఊహ చెబుతారు. ఏ ఊహ పనిచేసిందో ఆ మందుని కింద జవాబుగా రాయకూడదు. వెనక్కెళ్ళి, తమ మొదటి పోస్టుని దిద్ది, దాని నెత్తిన రాయాలి. కొత్తవాళ్ళు ఆ వాగుడంతా ఈదక్కర్లేదని ఆవిడ జాలి. గొణుగుడు బాబాయ్ అని అందరూ పిలిచే ఒక ముసలి మెకానిక్కు మాత్రం, "మందు ముందూ రోగం వెనకానా? ఇదెక్కడి వైద్యం తల్లీ" అని సణిగేవాడు. సణిగినా చట్టం పాటించేవాడు. అందరూ పాటించేవాళ్ళు.

బ్యాకప్ విషయంలో ఆవిడంత నిష్ఠాపరురాలు ఇంకొకరు లేరు. ఫోటోలుండే ఫైళ్ళు ఒకచోట, మాటలన్నీ ఉండే డేటాబేస్ ఇంకొకచోట ఉంటాయని తమ్ముడు నేర్పాడు. డేటాబేస్‌ని సర్వరే వారానికోసారి మూటకట్టి, తేదీ వేసి పెట్టేది. ఆదివారం పొద్దున్నే ఆవిడ ఆ మూటనీ, ఫోటోలనీ హార్డ్ డిస్కులోకి దించుకుని, చోటు కోసం మరీ పాతవి తీసేసి, డిస్కుని మెత్తని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేది. నగలక్కూడా అంత మర్యాద జరగలేదు.

ఒకరోజు పొద్దున ఫోరం తెరుచుకోలేదు. సర్వర్ కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారు: డిస్కు కాలిపోయింది, తమ దగ్గరి నకలు కూడా దానితోనే పోయింది, మీ బ్యాకప్ ఉంటే ఎక్కించుకోండి.

"కొంప మునిగింది!" అన్నాడు కండక్టరుగారు.

"ఎందుకు మునుగుతుంది? బీరువాలో ఉంది" అని ఆవిడ నవ్వి, తమ్ముణ్ణి పిలిపించింది.

అతను డిస్కు తగిలించాడు. "ఫోటోలు భేషుగ్గా ఉన్నాయక్కా."

"ఉండకేం!"

డేటాబేస్ మూట విప్పాడు. కాసేపు తెరవంక చూశాడు. ఇంకో వారానిది విప్పాడు. ఇంకోటి.

"ఏంట్రా ఆ మొహం?"

"ఇది ఖాళీ అక్కా."

"పక్కది చూడు."

"అదీ ఖాళీయే. అన్నీ. పేరుంది, తేదీ ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు."

ఆవిడకి అర్థం కాలేదు. డిస్కుని చేతిలోకి తీసుకుని, కూరగాయలు తూచినట్టు ఆడించి చూసింది. "ఇంత బరువుంది కదరా?"

"నిరుడు ఎవడో చొరబడ్డాడని పాస్‌వర్డ్ మార్చావు గుర్తుందా? సైటుకి కొత్తది చెప్పావు. మూటకట్టే పనికి చెప్పలేదు. అది వారంవారం పాత తాళంచెవితో తలుపు తట్టి, తలుపు తెరుచుకోక, ఉత్త సంచి తెచ్చి నీ చేతిలో పెట్టింది."

"తెరుచుకోలేదని నోరు విప్పి చెప్పదా?"

"చెప్పింది. మనిద్దరం ఎప్పుడూ చూడని చోట రాసిపెట్టింది." తమ్ముడు తల దించుకున్నాడు. "ఒక్కసారైనా దీన్ని వేరేచోట ఎక్కించి, నడుస్తోందో లేదో చూశావా అక్కా?"

అచ్చుయంత్రాలు లేని కాలంలో పుస్తకాలకి నకలు రాసేవాళ్ళు, ఒకడు నకలు పైకి చదువుతుంటే ఇంకొకడు మూలం పట్టుకుని సరిచూసేవాళ్ళట. అలా చూడనిది నకలు కాదు, సిరా దండగ. ఆ సంగతి బాబినక్క ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు. చింకిగుడ్డ మీద రెండు వరసలు కుట్టి చూడకుండా ఆవిడ ఒక్క మిషన్ కూడా గడప దాటనిచ్చింది కాదు. ఆ మనిషికి తమ్ముడి ప్రశ్న చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. కండక్టరుగారు మంచినీళ్ళు తెచ్చిస్తే తాగడం మర్చిపోయి గ్లాసు పట్టుకునే కూర్చుంది.

మధ్యాహ్నానికి గొణుగుడు బాబాయ్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, దుకాణం కట్టేశావా? పొద్దున్నుంచి తిట్టడానికి ఒక్కడూ దొరకలేదు."

ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఫోరంలో ఎవరు ఏం రాసినా నాకు మెయిల్ వస్తుంది కదా. నేను దేన్నీ చెరపను. నా దగ్గర మొదట్నుంచీ ఉన్నాయి."

"బాబాయ్, మీ నోట్లో పంచదార పొయ్యా!"

"షుగరుందమ్మా, వద్దు."

తమ్ముడు ఆ మెయిళ్ళన్నీ తెప్పించుకుని, తిండీతిప్పలూ మాని వరసలో పేర్చి, ఫోరాన్ని లేపి నిలబెట్టాడు. బాబినక్క పాత తగువులు చదువుకుంటూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంది. ఆ ఊపులోనే దుకాణంలో కుట్టు వదిలేస్తున్న మిషనొకటి గుర్తొచ్చి, అలాంటి చర్చే వెతికి తెరిచింది.

"అక్కా, నా మిషన్ కుట్లు వదిలేస్తోంది" అని ఉంది. కింద సూది మార్చమని ఒకరు, దారం మార్చమని ఒకరు, మొగుణ్ణి మార్చమని ఒకరు. నెత్తిన మందు లేదు. ఇంకోటి తెరిచింది. లేదు. మరోటి. లేదు.

"తమ్ముడూ... మందులేవిరా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. "కొత్త పోస్టు వేస్తేనే మెయిల్ వెళ్తుందక్కా. పాతదాన్ని దిద్దితే వెళ్ళదు."

రోగాలన్నీ లేచొచ్చాయి. మందుల్లో ఒక్కటీ రాలేదు. పోగొట్టింది సర్వర్ కాదు, పాస్‌వర్డ్ కాదు, తన చట్టం.

"నేను చెప్పానా, లేదా?" అన్నాడు బాబాయ్ ఫోన్లో.

"చెప్పారు బాబాయ్."

"విన్నావా?"

"వినలేదు."

"సర్లే, ఏడవకు. ఎవరి మందు వాళ్ళకి తెలియదా ఏంటి? మళ్ళీ రాయమను."

ఆవిడ దాచకుండా జరిగిందంతా ఫోరంలో రాసి, తప్పు తనదేనని ఒప్పుకుని, మందులు తిరిగి రాయమని బతిమాలింది. తిట్లకి సిద్ధపడే కూర్చుంది. తిట్లు రాలేదు. అంతకన్నా ఘోరమైనది వచ్చింది.

"అక్కా, బాగయింది గానీ ఎలా బాగయిందో గుర్తులేదు. రాసిపెట్టాను కదా అని మర్చిపోయాను" అని ఒకామె. "నాదీ అంతే" అని ఇంకొకాయన. ఒకరి వెంట ఒకరు. చివరికి గొణుగుడు బాబాయ్ కూడా, ఒకే ఒక్క ముక్క: "నాకూ గుర్తు రావట్లేదమ్మా."

బాబినక్క తనవి తలుచుకుంది. నాలుకదాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఇన్నేళ్ళ పని ఎక్కడికి పోయింది? భయంతో లేచి, నిన్ననే బాగుచేసిన మిషన్ ముందు కూర్చుని, స్క్రూడ్రైవర్ పెట్టి, దారం బిగువు చూసే టెన్షన్ మర వదులు చేసింది.

"అయ్యో, అది చక్కగా నడుస్తోంది కదే!" అన్నాడు కండక్టరుగారు.

"అందుకే చెడగొడుతున్నా. చెడితే గానీ చేతులకి గుర్తు రాదు. నా చేతులేం చేస్తున్నాయో చూసి రాయండి."

ఆయన బిత్తరపోయి పెన్ను తీశాడు. ఆవిడ చేతులు వాటంతటవే మిషన్‌ని మళ్ళీ దారికి తెచ్చాయి. ఆయన రాసింది ఆవిడ ఫోరంలో పెట్టింది, ఈసారి చర్చ కిందనే, జవాబుగా. దాని కింద ఒక మాట చేర్చింది: బాగున్న మిషన్లున్నవాళ్ళు, అప్పుడొచ్చిన జబ్బునే మళ్ళీ రప్పించండి. అందరం కలిసి విప్పుదాం.

"నీకు మతి పోయిందా తల్లీ?" అని బాబాయ్ రాశాడు.

దాని కిందే, కుట్లు వదిలేసే మిషనామె రాసింది: "చెడగొట్టేశానక్కా. ఇప్పుడెలా?"