ప్రెసిడెంటు గారి హస్తవాసి

కొత్త కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టినప్పుడే నాకు ఒళ్ళు మండింది. వైర్ల మధ్య నిమ్మకాయ, పక్కనే టెంకాయ. అది కొట్టినప్పుడు నీళ్ళు కీబోర్డు మీదికి చిమ్మితే నా కొంగుతో తుడిచాను. చేత్తో మౌసును తాకి ప్రారంభించినాయన మా నేత సొసైటీ ప్రెసిడెంటు. చప్పట్లు కొట్టినవాళ్ళు సభ్యులు. నేను ఆఫీసు మేనేజరును, కొట్టలేదు.

మా సొసైటీకి ఒక వెబ్‌సైట్ ఉంది. ఊళ్ళోవాళ్ళకు చీరలు చూపించే వెబ్‌సైట్ కాదు, మా కాంపౌండు గోడ దాటి బయటికి పోదు. నూలుకోసం ఎవరొచ్చినా, నూలు గదిలో ఉండే ఆపరేటరు అందులోకి లాగిన్ అయి పేరు ఎక్కిస్తేనే కట్ట బయటికొస్తుంది. లాగిన్ కాకపోతే నూలు లేదు. నూలు లేకపోతే మగ్గం పడుకుంటుంది. ఇన్నాళ్ళూ ఈ వెబ్‌సైట్ ఒక పాత కంప్యూటరులో ఉండేది. కర్నూలు నుంచి వచ్చిన కాంట్రాక్టరు దాన్ని కొత్తదానిలోకి మార్చి, టిఫిను తిని వెళ్ళిపోయాడు. పాతదాన్ని ప్రెసిడెంటు తన గదిలో పెట్టించుకున్నాడు.

మర్నాడు నూలు గదిలో పేజీ చక్కగా తెరుచుకుంది. పేరు, పాస్‌వర్డు కొట్టి ఎంటర్ నొక్కితే మాత్రం చక్రం తిరిగి తిరిగి తెల్ల పేజీ వచ్చింది. కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను.

"పాస్‌వర్డు తప్పు కొడతాండారేమో మేడమ్."

మార్చాం. కాలేదు.

"పాత హిస్టరీ అంతా తుడిచేయండి."

తుడిచాం. ఆపి, మళ్ళీ ఆన్ చేశాం. ఏమీ లేదు.

"మరి మాకాడ బాగనే వచ్చిందే!"

మీకాడ నూలు ఇవ్వరు కదయ్యా అన్నాను. పెట్టేశాడు. తప్పు చేసినవాడికి ఫోను పెట్టేసే హక్కు ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాసేపటికి ప్రెసిడెంటు వచ్చాడు. తన గదిలోకి వెళ్ళి, కొంచెం సేపుండి బయటికొచ్చి, "ఏం కథ? ఇప్పుడు కొట్టు చూద్దాం" అన్నాడు. కొడితే తెరుచుకుంది! ఆయన భోజనానికి వెళ్ళగానే మళ్ళీ పోయింది. తర్వాతి రోజూ అంతే, ఆ తర్వాతా అంతే.

"నేనొస్తే వస్తాది, పోతే పోతాది. నా చేతిలో ఏముండాదో నాకే తెలీదమ్మా" అని ఆయన అరచేయి చూసుకున్నాడు. వరసలో నిలబడ్డవాళ్ళు మాత్రం "పెద్దాయన హస్తవాసి శానా మంచిది" అని తలలూపారు. ఒక చెయ్యి మంచిదైతే ఇంకో చెయ్యి చెడ్డదై తీరాలి కదా? ఆ చెడ్డ చెయ్యి ఎవరిదో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆపరేటరుదే. ఆమె కూడా నేత ఇంటి కోడలే. భర్త మగ్గం మీద, తను కీబోర్డు మీద.

ఒక పెద్దమనిషి, కొత్త పడుగుకు ఆమె చేతి నూలు వద్దని మొహం మీదే చెప్పాడు. అప్పట్నుంచి ఆమె కట్టలు చేతికివ్వడం మానేసింది. బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి లాక్కునేది. అది చూసినప్పుడు నాకు కలిగిన అసహ్యం ముందు ఆ టెంకాయ నీళ్ళు ఏపాటివి!

శనివారం ప్రెసిడెంటు నన్ను తన గదిలోకి పిలిచి తేల్చేశాడు. "సోమవారం నుంచి నూలు గదికి ఇంకెవరినన్నా చూడమ్మా. నేననడం లేదు, జనం అంటాండారు."

"పాస్‌వర్డుకు చెయ్యి ఎవరిదో ఎట్ల తెలుస్తాదప్పా?"

"నువ్వు చదువుకున్నదానివి. ఇట్లాంటివి నీకు తెలీవులే."

నాలో నేనే తిట్టుకుంటూ బయటికొచ్చాను. కాసేపాగి, ఇంకా రెండు మాటలు మిగిలున్నాయని గుర్తొచ్చి తలుపు తోసుకుని లోపలికి పోయాను. పాత కంప్యూటరులో పేకముక్కలు పరిచి ఉన్నాయి. నన్ను చూసి ఆయన గబుక్కున స్విచ్చి ఆపేశాడు. అదే క్షణంలో నూలు గదిలోంచి కేక వినబడింది.

"అక్కా, పాయ!"

నేను స్విచ్చి వైపు చూశాను. "ఆన్ చేయండి."

"యాలమ్మా?"

"చేయండంటే చేయండి."

కొంచెం సేపటికి "అక్కా, వచ్చె!"

ఆపించాను. "పాయ!" వేయించాను. "వచ్చె!" ప్రెసిడెంటు మెడ మీద చెమట పట్టింది.

కాంట్రాక్టరుకు ఫోన్ చేసి చెబితే నసిగాడు. ఎంటర్ నొక్కితే ఏ కంప్యూటరుకు పోవాలో చెప్పే చోట పాతదాని అడ్రసు అలాగే ఉంచేశాడట. అంటే బొట్టు పెట్టించుకున్నది తలుపు మాత్రం చూపించింది. లోపలి పనంతా పేకముక్కల కింద పాతది చేసింది. అతను కర్నూలు నుంచే నెట్టు ద్వారా మా కంప్యూటరులోకి దూరి అడ్రసు మార్చాడు, పాతదానిలో పడ్డ పేర్లన్నీ కొత్తదానిలోకి తెచ్చాడు.

ప్రెసిడెంటు తేరుకున్నాడు. "చూస్తివా, నేనొచ్చి ఆన్ చేస్తేనే పని అయిందని నువ్వే చెప్తివి!"

"మరి ఆమె సంగతి?"

"ఉండనీలేమ్మా, పాపం."

పాపమా! తప్పు చేయని మనిషిని క్షమించే ఉదారులు మనకెంతమందో.

"జనానికి మీరే చెప్పండి" అన్నాను. ఇంత చిన్నదానికి సభ పెట్టాల్నా అని చెప్పులేసుకున్నాడు.

సోమవారం ఆయన డోన్‌లో పెళ్ళికి వెళ్ళాడు. నేను పాతదాని ప్లగ్గు పీకేసి నూలు గదికి వెళ్ళాను. లాగిన్ అయింది. వరస మొత్తానికీ గొంతు చించుకుని సంగతి చెప్పాను. కొందరు నవ్వారు. పడుగుకు నూలు వద్దన్న పెద్దమనిషి మాత్రం, "పెద్దాయన రానీ" అని బెంచీ మీద కూర్చున్నాడు. మిగిలినవాళ్ళంతా తీసుకుని వెళ్ళిపోయారు. ఆ పెద్దమనిషి మధ్యాహ్నం నూలిచ్చే వేళ ముగిసేదాకా చూసి, చూసి, చివరికి కౌంటరు దగ్గరికొచ్చాడు. ఆపరేటరు అప్పటికే షట్టరు సగం దించింది.

"టైమయిపోయిందప్పా. రేపు రా."

"అట్లంటే ఎట్లమ్మా? పొద్దున్నుంచీ ఈడనే ఉండా కదా!"

"ఉండావు. నేనూ ఈడనే ఉంటి కదా."

షట్టరు మిగతా సగం కూడా దించేసింది.