సలువ కోసం కల్లు

మా ఆయన కళ్లు పచ్చబడటం చూసిన ఉదయమే నాకు భయం పుట్టింది. తాగుడుతో కాలేయం చెడిందని, పూర్తిగా మానాలని డాక్టరు చెప్పారు. ఆయన బ్రాందీ మానేశారు. అందరికీ కామెర్లనే చెప్పుకున్నాం. కోహెడలో ఉండే అత్తమ్మ, ఒంటికి సలువ చేస్తుందని సీసాలో ఈతకల్లు పోసిచ్చి పంపేది.

ఆ రోజు సిద్దిపేట బస్సులో నా ఒళ్లో ఆ సీసానే ఉంది. పక్కసీటు ఆమె వాసన పట్టింది.

"ఎవలికి చెల్లె?"

"మా ఆయనకు అక్కా. కామెర్లయినయి."

"మందు తాగుతడా?"

"మానిండు. చుక్క ముట్టడు."

ఆమె సీసా వైపు చూసింది.

"మా తమ్ముడు గిట్లనే మానిండు. కాలేయం మార్చాలన్నరు. నాది సగం ఇస్తనన్న, సరిపోతదన్నరు. తాగుతలేడు గదా అని డాక్టరు సారు అడిగితే, లేడని నేనే చెప్పిన. కల్లు మాకు లెక్కల లేకుండె. పరీక్షల బయటపడ్డది, ఆపరేషన్ ఆపిన్రు. మల్ల పిలిచేదాంక వాడు ఉండలే."

బస్టాండులో దిగగానే ఆమె చెయ్యి చాపింది. సీసా ఇచ్చాను. కల్లంతా మురుగు మోరీలో వంపేసి, ఖాళీది నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

తెల్లవారి పిల్లలకు బడికి జడలు వేస్తూ చెప్పాను: "నాయినకు ఉట్టి కామెర్లు కావు. తాగి కాలేయం పాడుచేసుకున్నడు. కల్లు గూడ తాగుడే. నాయినమ్మ ఫోన్ల అడిగినా గట్లనే చెప్పుండ్రి."