అత్త చెలకలో మొదటి సాలు

మొన్న పొద్దున చాయ తాగుతూ పేపరు తిరగేస్తుండగా ఊరి నుంచి ఫోను వచ్చింది. మా అత్త కొడుకు. సొంత మేనత్త కొడుకు కాదు, ఊరి వరుసకు అత్త. మా రోజుల్లో ఊరి వరుసలు రక్తం వరుసల కంటే తక్కువేమీ కాదని నా ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు. నాకంటే చాలా చిన్నవాడు, కాని ఇప్పుడు ఆయనా ముసలివాడే, చెవులు సరిగ్గా వినబడవు కనుక ఫోనులో కేకలు పెడతాడు. "వదినా, రోడ్డుకు మన చెలక పోతాంది. పరిహారం గూడ పడ్డది. మీ బాపు దున్నిన చెలక గదా, పోయే ముందుగాల ఒక్కపారి వచ్చి సూసిపో" అన్నాడు. వస్తానన్నాను. ఫోను పెట్టేసరికి చాయ చల్లారిపోయింది, పేపరు మళ్లీ చేతిలోకి తీసుకోబుద్ధి కాలేదు.

బడిలో తెలుగు చెప్పి బతికినదాన్ని, మాట చెవిన పడితే దాని వెంట కొంతదూరం పోకుండా ఉండలేను. పరిహారం అనే మాట ఇప్పుడు టీవీ పెడితే చాలు వినబడుతుంది, ప్రాజెక్టుకు పోయిన ఊళ్లకు పరిహారం, వడగళ్లకు పరిహారం, బస్సు కింద పడ్డవాళ్లకు పరిహారం. నా చిన్నతనంలో అది పంచాంగం చెప్పే అయ్యగారి నోట్లో మాత్రమే ఉండే మాట. గ్రహం బాగాలేదని చెప్పి, పరిహారానికి నువ్వులో గొడుగో దానమియ్యమనేవాడు. మనిషికి మనిషి చేసిన నష్టానికి పెద్దమనుషులు కూర్చొని వేసేది దండుగ. కచ్చేరీలో అంతా ఉర్దూ నడిచే కాలం కనుక సర్కారు ఇచ్చేది మావజా. తరువాతి కాలంలో నష్టపరిహారం అని నల్లబల్ల మీద రాసి పిల్లలకు అర్థం చెప్పింది నేనే, కాని రాసిన ప్రతిసారీ నాకు కనబడింది మాత్రం మా బాపు నాగలి భుజాన వేసుకొని అత్త చెలకలోకి దిగడమే.

అది రజాకార్ల కాలం. మా ఊరు చిట్యాలకూ ఆలేరుకూ నడుమ, బస్సు ముఖం చూడని ఎర్రచెలకల ఊరు, ఆముదాలూ జొన్నలూ తప్ప పండేదేమీ లేదు. చుట్టుపక్కల ఊళ్లు తగలబడుతున్నాయని కబురు వచ్చినప్పటి నుంచి మగవాళ్లు వంతులవారీగా బురుజు మీద కాపలా ఉండేవారు. తుపాకులు లేవు, ఉన్నవల్లా వడిసెలలు. పిట్టలను కొట్టే వడిసెలతోనే తుపాకిని ఎదుర్కొంటామని నమ్మిన మనుషులు వాళ్లు, ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది. ఆడవాళ్లం, పిల్లలం గంపలతో రాళ్లు మోసి బురుజు మీద కుప్పలు పోసేవాళ్లం. బాపు వడిసెల తిప్పితే గురి తప్పదని ఊరంతా చెప్పుకునేది, నేను దానికి పొంగిపోయేదాన్ని.

అత్త భర్త, అంటే మా మామ, బాపుకు బావ వరుసే కాదు, ప్రాణ స్నేహితుడు కూడా. ఇద్దరి చెలకలకూ నడుమ ఒక్క గట్టే అడ్డం. ఆ చలికాలంలో మామ ఆముదాల బండి కట్టుకొని ఆలేరు స్టేషనుకు పోయాడు. అమ్మకం అయినాక అక్కడి అంగట్లో యుద్ధం నాటి పాత సిపాయి కోటు ఒకటి చవకగా దొరికితే, చలికి ఆగలేక కొనుక్కొని తొడుక్కున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఊరి దగ్గర బండి ఇరుసు విరిగింది. బండినీ ఎడ్లనూ అక్కడే తోటి బండివాడికి అప్పగించి, సాయానికి మనుషులను పిలుచుకుపోదామని ముల్లుకర్ర భుజాన పెట్టుకొని పొద్దున్నే మంచులో ఊరి వైపు నడిచాడు. బురుజు మీద ఆ పూట బాపు వంతు. మంచులో ఖాకీ కోటు, భుజం మీద తుపాకిలాగా కర్ర. ఎవడురా అది అని బాపు కేక వేశాడట, కోటు కాలరు చెవుల దాకా లేపుకున్న మామకు వినబడలేదు. రాయి కణతకు తగిలింది. ఊరంతా వడిసెలలు పట్టుకొని పరుగెత్తుకుపోయి చూస్తే మామ.

అత్తకు అప్పటికి పాలు తాగే కొడుకు. ఇంట్లో ఇంకో మగదిక్కు లేదు. దినాలు ముగిసినాక పెద్దమనుషులు చావడిలో కూర్చున్నారు. ఒకరు ఎడ్లలో ఒకదాన్ని ఇమ్మన్నారు, ఇంకొకరు చెలకలో కొంత ముక్క రాసిమ్మన్నారు. అప్పటిదాకా తల ఎత్తని బాపు అప్పుడు నోరు తెరిచాడు. ఇచ్చిన ఎద్దు ఏదో ఒకనాటికి చస్తుంది, చెలక ఇచ్చినా దున్నే చేతులు ఆ ఇంట్లో లేవు, ఆ చేతులను తీసింది నేనే కనుక పిల్లవాడు నాగలి పట్టేదాకా వాళ్ల చెలక నేను దున్నుతాను, నా చెలక కంటే ముందు దున్నుతాను అన్నాడు. అందరూ అత్త వైపు చూశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఎవరి ముఖమూ చూడకుండా, "దున్నమనుండ్రి. నా వాకిట్ల మాత్రం అడుగు పెట్టొద్దు" అని పిల్లవాణ్ణి ఎత్తుకొని వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇప్పటి పిల్లలకు తెలియదు. మా వైపు ఎవరి చెలకలో ఎవరు నాగలి కట్టినా, ఆ పూట దున్నేవాడికి సద్ది తెచ్చేది చెలక గల ఇల్లు. గరీబు ఇల్లయితే వట్టి జొన్న గట్క, ఉప్పు, మిరపకాయ. అదీ లేకపోతే అంబలి. కాని తేవడం మాత్రం తప్పదు. మిరుగం కార్తె పట్టి తొలకరి పడగానే బాపు అన్న మాట ప్రకారం అత్త చెలకలో మొదటి సాలు తీశాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. అన్ని చెలకల్లోకీ గంపలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లు దిగారు, అత్త రాలేదు. అమ్మకు ప్రాణం ఒప్పక నా చేతికి సద్దిమూట ఇచ్చి పంపింది. బాపు ఎడ్లను ఆపి, నా తల నిమిరి, "ఇది అత్త చెలక బిడ్డా. ఈడ మన సద్ది తినొద్దు. ఆమె పెట్టిననాడు తింట" అన్నాడు. మూట అట్లాగే తిరిగి ఇంటికి వచ్చింది. పొద్దుగూకే దాకా బాపు మంచినీళ్లు కూడా పక్క చెలకకు పోయి తాగాడు.

ఆ పంతం ఏమిటో నాకు ఆ వయసులో తెలియలేదు. బాపు ఆకలితో ఉన్నాడన్నది ఒక్కటే తెలుసు, దానికి కారణం అత్త అన్నది తెలుసు. అంతకు ముందు నా జడలు అల్లి, పూసలు గుచ్చి ఇచ్చిన అత్త మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. అమ్మకు బాపు మీదే కోపం. "ఎన్నేండ్లయినా అది పెట్టది, నువ్వు తినవు, నడుమ నేనే సస్తున్న" అని వంటింట్లో గిన్నెలతో చెప్పుకునేది. బాపుకు మాత్రం వేరే ఆశ ఏదీ లేదు. ఆ ఇంటి నుంచి ఒక్క ముద్ద వస్తే చాలు, బావ తనను మన్నించినట్టే అనుకునేవాడు.

జొన్న కంకి పట్టేనాటికి అత్త ఇంకో పని చేసింది. మామ కోటును పిట్టల కోసమని చెలక నడుమ ఒక గుంజ పాతి దానికి తొడిగింది. బాపు తన చెలకలో ఎటు తిరిగి నిలబడ్డా ఆ కోటు కనబడేది. పిట్టలు దానికి బెదిరినట్టు నాకు గుర్తు లేదు, బాపు మాత్రం ఆ వైపు చూడకుండా కలుపు తీయడం నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లోనే పోలీసు చర్య జరిగింది. రజాకార్లు పోయారని ఊరంతా సంతోషపడింది, ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. సైన్యం వెంట, ఊరు విడిచి పారిపోయిన దొర మనుషులు తిరిగి వచ్చారు, దొరలకు ఎదురు తిరిగిన సంఘంలో ఎవరున్నారు, బురుజు మీద ఎవరెక్కారు అని వెతకడం మొదలైంది. ఒకనాడు లారీ దిగిన సిపాయిలు చెలకల్లో అడ్డంగా నడిచి వస్తూ గుంజకు వేలాడుతున్న కోటును చూశారు. ఏ సిపాయిని చంపి గుంజుకున్నారని కేకలు. మగవాళ్లనందరినీ గట్టు మీద కూర్చోబెట్టారు. అత్తను పిలిపించారు. కోటు మా ఆయనదని అత్త చెప్పింది. ఎట్లా చచ్చాడు అని అడిగేసరికి, మాటలు తర్జుమా చేస్తున్న దొర మనిషి ఆమె నోరు తెరవక ముందే బాపు వైపు వేలు చూపించాడు.

మేము పిల్లలం అమ్మల కాళ్లను చుట్టుకొని దూరంగా నిలబడ్డాం. దొర మనిషి అత్తతో మెత్తగా మాట్లాడాడు. వీడు సంఘపోడు అని, కావాలనే చంపాడు అని ఒక్క మాట చెబితే చాలు, వీణ్ణి సర్కారు చూసుకుంటుంది, నీకు మావజా ఇప్పిస్తాం అన్నాడు. అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. తన ఇంటి గడప తొక్కొద్దన్న మనిషి, సద్ది పెట్టని మనిషి, కోటును గుంజకు తగిలించిన మనిషి ఏమంటుందో అందరికీ తెలిసినట్టే అనిపించింది. అత్త మొట్టమొదటిసారి బాపు ముఖంలోకి చూసింది. తరువాత సిపాయిల అధికారి వైపు తిరిగి, "రజాకార్లనుకొని కొట్టిండు సారూ, మా ఆయనకు తాకింది. సర్కారు మావజా వచ్చి నా చెలక దున్నుతదా? నాకు రావాల్సింది ఈయన కాడినుంచే వస్తాంది. ఈయన్ని తోలుకపోతే గది గూడ పోతది" అంది.

దొర మనిషి ఆ మాటలను ఎట్లా చెప్పాడో ఏమో, అధికారికి కొంత తెలుగు తెలిసే ఉంటుంది, బాపును లేచి పొమ్మని సైగ చేశాడు. కోటును మాత్రం గుంజ నుంచి ఊడదీసి లారీలో వేసుకున్నారు. ఆ లారీలో ఎక్కించిన మా ఊరి వాళ్లలో కొందరు చాలా కాలానికి గాని తిరిగి రాలేదు, కొందరు రానే లేదు. బాపు వాళ్లలో ఉండవలసినవాడు. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు, అమ్మ ఆ రోజు నుంచి గిన్నెలతో మాట్లాడడం మానేసింది.

ఇక అత్త సద్ది తెస్తుందని నేను అనుకున్నాను. తేలేదు. మరుసటేడు తొలకరికీ తేలేదు, ఆ తరువాత కూడా తేలేదు. ప్రాణం నిలబెట్టడం వేరు, మన్నించడం వేరని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. బాపు మాత్రం ఏటా ముందు ఆ చెలకలోనే నాగలి కట్టేవాడు. ఎర్రనేలకు పదును ఎక్కువ రోజులు నిలవదు. అత్త చెలక దున్నడం అయ్యేసరికి కొన్నేండ్లు మా చెలక ఎండి గట్టిపడి, ఆముదాలు సరిగ్గా మొలవక, ఏడాదంతా గంజి మీద గడిపిన రోజులున్నాయి. చెలక నడుమ ఆ వట్టి గుంజ అట్లాగే ఉండేది. దాన్ని పీకమని ఎవరూ అనలేదు, బాపు దానికి తగలకుండా నాగలిని చుట్టు తిప్పి దున్నేవాడు.

నేను నల్లగొండలో చదువుకునే రోజుల్లో ఒక ఎండాకాలం సెలవులకు వచ్చి తొలకరి దాకా ఉండిపోయాను. ఆ ఏడు అత్త కొడుకు నాగలి పట్టే ఈడుకు వచ్చాడు. బాపు వెనక నిలబడి వాడి చేతుల మీద తన చేతులు వేసి మొదటి సాలు తీయించాడు, రెండో సాలుకు చేతులు వదిలేశాడు. గుంజ దగ్గరికి వచ్చేసరికి వాడు బాపును చూసిన అలవాటున ఎడ్లను పక్కకు తిప్పబోయాడు. అప్పుడు గట్టు మీద నుంచి అత్త గొంతు వినబడింది, "పీకెయ్యి కొడుకా, తిన్నగ పోనియ్యి". తిరిగి చూస్తే నెత్తిన గంప ఉంది.

బాపు నిలబడ్డ చోటనే కూర్చుండిపోయాడు. అత్త గంప దించి, మోదుగు విస్తరిలో గట్క పెట్టి, పచ్చిపులుసు పోసి బాపు ముందు పెట్టింది. అప్పటికి ఆమె జుట్టు కూడా నెరిసింది. "తీరిందని తెచ్చిన అనుకోకు అన్నా" అంది. "గది తీరేది గాదు. ఆకలితోని దున్నుతున్నవు, ఇగ నాతోని గాలే." బాపు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అత్త ఎదురుగా కూర్చొని, ఆఖరి ముద్ద దాకా చూసి, గంప ఎత్తుకొని వెళ్లిపోయింది.

ఇద్దరూ పోయి చాలా కాలమైంది. ఎంత ఇచ్చారు, ఎన్ని రోజులకు ఇచ్చారు అని నేను ఫోనులో అడగలేదు, అత్త కొడుకే చెప్పాడు, పరిహారం బ్యాంకులో పడ్డదట. "ఎవలిచ్చిండ్రో మొఖం గూడ సూడలే వదినా" అన్నాడు, అందులో ఫిర్యాదు లేదు, కొంచెం ఆశ్చర్యం ఉంది. మంచిదే. ఒకరి ఆకలి ఇంకొకరికి అప్పుగా నిలబడే కాలం మళ్లీ రావాలని నేను కోరుకోను, మా అమ్మ పడ్డ కష్టం నాకు గుర్తుంది. అయినా ప్రాణం తీసినవాడూ పోగొట్టుకున్న మనిషీ ఒక గట్టుకు అటూ ఇటూ ఏండ్లకేండ్లు నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూడలేక, చూడకుండా ఉండలేక బతికిన రోజులను ఏ పేరుతో పిలవాలో ఇంతకాలం తెలుగు చెప్పిన నాకు తెలియదు.

రేపు మనవడు కారులో తీసుకుపోతానన్నాడు. మధ్యాహ్నానికి చేరుతాం. చెలక ఇప్పుడు సర్కారుదే అయినా, అత్త కొడుకు గట్టు మీదికి సద్ది తెస్తానన్నాడు. పొద్దున మందులు వేసుకోవాలి కనుక ఏదైనా తిని బయలుదేరమని కోడలు ఇప్పటి నుంచే పోరుతోంది. తినకుండానే పోతాను.