కుడివైపు చెరువు

"రోడ్డు ఖాళీగా ఉంది కదా అని మధ్యలో పోతున్నావా అన్నానండీ. లేదు మాస్టారూ, నాకదే అలవాటు అంది. అప్పుడర్థమైంది, ఆ పిల్ల ఇంకా చెరువు గట్టు మీదే ఉందని."

ఎలీయాజరు గారు టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వారు. తాడేపల్లిగూడెంలో లారీ డ్రైవింగ్ నేర్పే స్కూల్లో ఆయనే మాస్టారు. ముప్పై ఏళ్లు కొల్లేటి చేపలను ఐసులో పెట్టి హౌరాకు తోలిన మనిషి. మోకాళ్లు మొరాయించాక పక్క సీటుకు మారారు. అక్కణ్ణించే రోడ్డు బాగా కనబడుతోందంటారు.

ఆయన చెబుతున్నది స్టెల్లా గురించి. కొల్లేటి పక్క చేపల చెరువుల మీద మేత ట్రాక్టరు తోలిన అమ్మాయి. గట్టుకు రెండువైపులా నీళ్లే కాబట్టి నడిమధ్యన తోలడమే క్షేమం. లారీ ఎక్కినా ఆ అలవాటు పోలేదు. రేపు ఏలూరులో ఆమెకు హెవీ లైసెన్సు పరీక్ష.

"ఉండిలో బాపిరాజు గారని లారీల ఓనరండీ. డ్రైవర్లు దొరక్క మూడు బళ్లు షెడ్డులో పెట్టుకుని కూర్చున్నారు. స్టెల్లా సంగతి చెబితే, ఆడపిల్లనిస్తారా మాస్టారూ అని నసిగారు. మీ బండికేమన్నా మీసాలున్నాయాండీ అన్నాను. సరే, ప్యాసైతే పంపమన్నారు."

"మరి ఆ అలవాటు ఎలా మాన్పించారు?" అనడిగాను.

"సున్నంతో గీత గీశాను, లాభం లేదు. కోప్పడితే స్టీరింగ్ బిగబట్టేసింది. ఆఖరికి నా మొదటి ట్రిప్పు గుర్తొచ్చిందండీ. నేనూ గట్టు మీద తోలినోణ్ణే కదా. నల్లజర్ల దాటాక ఎదురొచ్చిన బస్సు డ్రైవరు దిగి మరీ తిట్టాడు. అందుకని చెప్పాను: అమ్మా, చెరువుల్ని మర్చిపోవద్దు. ఎడమవైపుది పూడ్చేశారు, కుడివైపుది అలాగే ఉంది అనుకో. మర్నాటి నుంచి బండి ఎడమకు జరిగింది."

గ్రౌండులో కొత్త బ్యాచి వాళ్లు హారన్ కొట్టి పిలిచారు. ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా లేచారు.

"రేపు నేను వెళ్లనండీ. నేను కనబడితే రోడ్డు మానేసి నా మొహం చూస్తుంది. మీరెలాగూ ఏలూరు వెళ్తున్నారు కదా, పరీక్ష పెట్టేచోట కాసేపు నిలబడండి. ప్యాసయ్యిందో లేదో తనే ఫోన్ చేస్తుంది లెండి. బండి ఎడమనే వెళ్లిందో లేదో, అది మాత్రం మీరు చూసి చెప్పండి."